నాన్నకు బీపీ ఉంటే నాకూ వస్తుందా? జన్యువులు, రక్తపోటు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒకరికి బీపీ అని తేలగానే "మీ నాన్న వైపు నుంచే వచ్చింది", "కాదు, మీ మేనమామలందరికీ ఉంది" అని వాదన మొదలవుతుంది. ఆ వాదనలో నిజం ఎంత, ఊహ ఎంత అన్నదే ఈ పేజీ. ఇందులో "పై అంకె" అంటే 120/80లో 120. "పాయింట్" అంటే బీపీ మిషన్ చూపించే అంకెల్లో ఒకటి.

మా నాన్నకు 45 ఏళ్లకే బీపీ వచ్చింది. నాకూ వచ్చినట్టేనా?

వచ్చినట్టే అనలేం. కానీ అలాంటి ఇంటి చరిత్ర లేనివాళ్లకంటే మీకు వచ్చే అవకాశం ఎక్కువ. ఎంత ఎక్కువ అన్నది తల్లిదండ్రుల్లో ఒకరికి ఉందా, ఇద్దరికీ ఉందా, ఏ వయసులో మొదలైంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ వైద్య విద్యార్థులు 1,160 మందిని, అందరూ మగవాళ్లే, 54 ఏళ్ల పాటు గమనించారు. తల్లికి మాత్రమే బీపీ ఉన్నవాళ్లకు ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు, తండ్రికి మాత్రమే ఉన్నవాళ్లకు 1.8 రెట్లు, ఇద్దరికీ ఉన్నవాళ్లకు 2.4 రెట్లు కనిపించింది. ఇద్దరికీ 55 ఏళ్లలోపే వచ్చి ఉంటే అది ఆరు రెట్లు దాటింది.

కాబట్టి డాక్టర్ "ఇంట్లో ఎవరికైనా బీపీ ఉందా" అని అడిగితే "నాన్నకు ఉందండీ" అని ఆగిపోకండి. ఏ వయసులో మొదలైందో కూడా చెప్పండి. తాతగారికి 75 ఏళ్లకు వచ్చిన బీపీ పెద్ద ఆధారం కాదు, ఆ వయసుకు చాలామందికి వస్తుంది. బాబాయికి 38 ఏళ్లకు పక్షవాతం వచ్చిందన్న మాట మాత్రం డాక్టర్‌కు తప్పకుండా తెలియాలి.

అసలు బీపీలో జన్యువుల వాటా ఎంత?

కవలల మీద, కుటుంబాల మీద జరిగిన అధ్యయనాలు దాదాపు 30 నుంచి 50 శాతం అని చెబుతున్నాయి. ఈ అంకెను చాలామంది తప్పుగా చదువుతారు. "నా బీపీ 160 ఉంది, అందులో సగం మా అమ్మ ఇచ్చింది, సగం ఆవకాయ ఇచ్చింది" అని దీని అర్థం కాదు. ఒక్క మనిషి బీపీని అలా పంచలేం. ఒక సమూహంలో మనిషికీ మనిషికీ మధ్య బీపీలో కనిపించే తేడాల్లో ఎంత భాగానికి జన్యువుల తేడాలు కారణమో అది చెబుతుంది, అంతే.

ఇందులో ఒక తమాషా ఉంది. ఊరందరూ ఒకే కొలత ఉప్పు తిని, ఒకేలా పనిచేసి, ఒకే బరువు ఉన్నారనుకోండి. అప్పుడు మిగిలే తేడాలన్నీ దాదాపు జన్యువులవే కాబట్టి ఆ శాతం అమాంతం పెరుగుతుంది. జన్యువులేమీ మారలేదు, తిండిలో తేడాలు పోయాయి. అందుకే ఈ శాతాన్ని రాతిమీద గీతలా తీసుకోకూడదు.

బీపీకి ఒక జన్యువు ఉంటుందా? అది ఉంటే వస్తుంది, లేకపోతే రాదు అన్నట్టు?

ఈ ప్రశ్న మీద బ్రిటన్‌లో ఇద్దరు పెద్ద డాక్టర్లు ఏళ్ల తరబడి పోట్లాడుకున్నారు. గత శతాబ్దం మధ్యకాలంలో రాబర్ట్ ప్లాట్, జార్జ్ పికరింగ్ మధ్య జరిగిన వాదం అది. బీపీ ఉన్నవాళ్లు, లేనివాళ్లు వేర్వేరు జాతులని, ఒకే జన్యువు దీన్ని నిర్ణయిస్తుందని ప్లాట్ నమ్మారు. పికరింగ్ ఒప్పుకోలేదు. బీపీ కూడా మనిషి ఎత్తు లాంటిదేనన్నారు. పొట్టివాళ్లకూ పొడుగువాళ్లకూ మధ్య గీత ఎక్కడ గీయాలో ప్రకృతి చెప్పదు, మనమే గీసుకుంటాం. 140/90 కూడా అలా మనం గీసుకున్న గీతే.

పికరింగ్ గెలిచారు, అది కూడా ఆయన ఊహించనంత పెద్ద ఎత్తున. 2018లో పది లక్షల మందికి పైగా డీఎన్‌ఏ సమాచారం పరిశీలించిన అధ్యయనంతో, బీపీతో ముడిపడిన చోట్లు మన జన్యుపటంలో 901కి చేరాయి. తర్వాత జరిగిన పరిశోధనల్లో వాటి లెక్క ఇంకా పెరిగింది. సాధారణంగా ఒక్కో తేడా బీపీని మార్చేది ఒక పాయింట్ కంటే తక్కువే. అంటే మన ఒంట్లో ఉన్నది పెద్ద నోటు కాదు, చిల్లర. కానీ ఎవరి జేబులో ఎంత చిల్లర పోగయిందన్నది లెక్కే. ఆ చిల్లరంతా కూడి, తక్కువ నుంచి ఎక్కువకు మనుషులను అయిదు వరుసల్లో నిలబెడితే, 50 దాటినవాళ్లలో మొదటి వరుసకీ చివరి వరుసకీ మధ్య పై అంకెలో దాదాపు 10 పాయింట్ల తేడా కనిపించింది.

ఆ తేడాలు ఒంట్లో ఎక్కడ పనిచేస్తాయి? గుండెలోనా?

బీపీ అనగానే అందరూ గుండె మీద చెయ్యి వేసుకుంటారు. అసలు కథ ఎక్కువ భాగం నడుము వెనక, కిడ్నీల్లో నడుస్తుంది.

కిడ్నీలు రోజూ లీటర్ల కొద్దీ నీటిని వడకట్టి, అందులోని ఉప్పును దాదాపు అంతా తిరిగి రక్తంలోకి లాక్కుంటాయి. ఆ లాక్కోవడం కొంచెం ఎక్కువైతే ఒంట్లో ఉప్పు నిలుస్తుంది, దాని వెంట నీరు నిలుస్తుంది, రక్తనాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. ఎంత లాక్కోవాలో చెప్పే హార్మోన్లు, వాటిని వినే తలుపులు, ఆ తలుపులను తీసి మూసే ప్రొటీన్లు అన్నిటికీ జన్యువులుంటాయి.

రక్తనాళాలను బిగించే హార్మోన్‌కు ముడిసరుకు యాంజియోటెన్సినోజెన్ అనే ప్రొటీన్. దాన్ని తయారుచేసే జన్యువులో చిన్న తేడా ఉన్నవాళ్లలో ఆ ప్రొటీన్ కొంచెం ఎక్కువగా ఉంటుందని, బీపీ కూడా ఎక్కువగా కనిపిస్తుందని 1992లో అమెరికాలోని యూటా, ఫ్రాన్స్‌లోని పారిస్ కుటుంబాల్లో గమనించారు. కిడ్నీలో మాత్రమే తయారయ్యే యూరోమాడులిన్ అనే ప్రొటీన్ మరొకటి. అది ఎక్కువగా తయారయ్యే రకం జన్యువు ఉన్నవాళ్లకు బీపీ ముప్పు కొంచెం ఎక్కువ. మరి ఆ రకం ఎందుకు మిగిలింది? మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్లు రాకుండా ఆ ప్రొటీన్ అడ్డుపడుతుంది. యాంటీబయాటిక్స్ లేని కాలంలో అది చిన్న మేలు కాదు. మందుల షాపు లేని రోజుల్లో కాపాడిన జన్యువే ఈరోజు ఉప్పుచేప ముందు ఇబ్బంది పెడుతోందన్నమాట.

బీపీ కిడ్నీలోనే ఉంటుందని ఎలా తెలిసింది?

ఎలుకలు చెప్పాయి. అమెరికాలో లూయిస్ డాల్ అనే శాస్త్రవేత్త 1960ల్లో ఎలుకలకు ఉప్పు ఎక్కువగా పెట్టి, బీపీ పెరిగిన వాటిని ఒకవైపు, పెరగని వాటిని మరోవైపు వేరుచేసి తరతరాలుగా పిల్లల్ని పుట్టించారు. కొన్ని తరాలకే రెండు రకాలు తేలాయి: ఉప్పు తగిలితే బీపీ ఎగబాకేవి, ఎంత పెట్టినా చలించనివి. తర్వాత ఒక రకం కిడ్నీని ఇంకో రకానికి మార్చి చూశారు. బీపీ కిడ్నీ వెంటే వెళ్లింది.

మనుషుల్లోనూ దీనికి పోలిక దొరికింది. బీపీ వల్లే కిడ్నీలు పాడైన ఆరుగురికి, బీపీ లేని దాతల కిడ్నీలు పెట్టాక వాళ్ల బీపీ మామూలుకు వచ్చిందని 1983లో అమెరికా వైద్యులు ప్రకటించారు. ఆరుగురే, చిన్న లెక్క. కానీ గట్టి సాక్ష్యం.

ఉప్పు ఒక్కొక్కరికి ఒక్కోలా పనిచేయడానికి కారణం ఇదేనా?

ఒక కారణం ఇదే. మనుషుల్లో కూడా ఉప్పుకు ఎగిరిపడే ఒళ్లు, అంతగా పట్టించుకోని ఒళ్లు ఉన్నాయి. కాకపోతే ఎలుకల్లోలా రెండు రకాలుగా విడిపోరు, మధ్యలో అన్ని మెట్లూ ఉంటాయి. వయసు పెరిగే కొద్దీ, కిడ్నీ బలహీనపడే కొద్దీ ఉప్పు ప్రభావం పెరుగుతుంది. మీరు ఏ మెట్టు మీదున్నారో చెప్పే ఇంటి పరీక్ష, లాబ్ పరీక్ష ఏదీ వాడుకలో లేదు. కాబట్టి "నా ఒంటికి ఉప్పు పడుతుందిలే" అనడం గుడ్డి ధైర్యమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా. కూర, పప్పు, చారు, మజ్జిగ అన్నిటిలోనూ కలిపి. ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడం, వడియాలు ఉన్న కంచంలో ఆ చెంచా మొదటి నాలుగు ముద్దల్లోనే అయిపోయినా ఆశ్చర్యం లేదు.

ఉప్పు దాదాపు తినని మనుషులు ఎలా ఉంటారో కూడా తెలుసు. బ్రెజిల్ అడవుల్లోని యానోమామి తెగవాళ్ల సగటు బీపీ 95/60 దగ్గర ఉంటుంది, వయసుతోపాటు పెరగదు. వాళ్ల బతుకులో ఉప్పు ఒక్కటే కాదు, ఇంకా చాలా వేరు. అయినా వయసు వస్తే బీపీ రావడం సహజమే అనే మాట ఎంత నిజమో ఆలోచించుకోవచ్చు.

మా నాయనమ్మ జీవితమంతా పచ్చడి మెతుకులే తిని 92 ఏళ్లు బతికింది. దీనికేమంటారు?

ఆవిడ జేబులో చిల్లర తక్కువ ఉండి ఉంటుంది. లేదా ఆవిడ రోజంతా పొలంలో నడిచి ఉంటుంది. ఆవిడ బీపీని ఎవరూ ఎప్పుడూ చూడలేదేమో కూడా. ఆవిడ నుంచి మీకు వచ్చింది నాలుగో వంతు జన్యువులే. మిగతా మూడు వంతులు ఎవరివో కూడా చూసుకోండి.

నేనూ మా తమ్ముడూ ఒకే తల్లి పిల్లలం. నాకు బీపీ ఉంది, పల్లెలో ఉన్న వాడికి లేదు. ఎందుకని?

ఒక తల్లి పిల్లలకు కూడా జన్యువుల్లో సగటున సగమే కలుస్తాయి. అక్కడే కొంత తేడా ఉంది. జవాబులో రెండో సగం మీ ప్రశ్నలోనే ఉంది: వాడు పల్లెలో ఉన్నాడు.

దీన్ని మన దగ్గరే పరీక్షించారు. హైదరాబాద్, బెంగళూరు, నాగపూర్, లక్నోల్లోని కర్మాగారాల్లో పనిచేయడానికి పల్లెల నుంచి వచ్చినవాళ్లను, పల్లెలోనే ఉండిపోయిన వాళ్ల తోబుట్టువులను పక్కపక్కన పెట్టి 2005 - 2007 మధ్య చూశారు. ఒకే ఇంటి రక్తం, రెండు రకాల జీవితం. మగవాళ్లలో ఊబకాయం పల్లెలో 19 శాతం ఉంటే, పట్నం వచ్చినవాళ్లలో 38 శాతం దాకా ఉంది. షుగర్ 6 నుంచి 14కి పోయింది. పల్లెలో ఉన్న మగవాళ్ల బీపీ కూడా తక్కువే. చిత్రంగా ఆడవాళ్లలో బీపీ విషయంలో ఆ తేడా కనిపించలేదు.

నాకు ఈ విషయంలో అన్నిటికంటే నచ్చిన అధ్యయనం ఇదే. జన్యువులు ఊరు మారవు కదా, మారినవి మిగతావే.

ఒకే జన్యువు పాడై బీపీ వచ్చేవాళ్లు అసలు లేరా?

ఉన్నారు, చాలా అరుదు. కానీ బీపీ గురించి మనకు తెలిసిన దాంట్లో పెద్ద వాటా వాళ్ల నుంచే వచ్చింది.

1963లో గ్రాంట్ లిడిల్ అనే అమెరికన్ డాక్టర్ ఒక కుటుంబాన్ని వర్ణించారు. చిన్న వయసులోనే బీపీ ఎక్కువ, రక్తంలో పొటాషియం తక్కువ. లక్షణాలన్నీ, ఉప్పును నిలుపుకోమని కిడ్నీకి చెప్పే ఆల్డోస్టిరాన్ హార్మోన్ ఎక్కువైనట్టే ఉన్నాయి, కొలిస్తే ఆ హార్మోన్ మాత్రం అడుగంటి ఉంది. కారణం 1994లో తేలింది. కిడ్నీ గొట్టాల్లో ఉప్పును లోపలికి లాగే తలుపులు పని అయ్యాక అక్కడి నుంచి తొలగిపోవాలి. వీళ్లలో జన్యువు దెబ్బతిని ఆ తలుపులు అక్కడే ఉండిపోతాయి. దీనికి సరిపడేది ఆ తలుపును నేరుగా మూసే అమిలోరైడ్ లాంటి మందు. బీపీకి మామూలుగా వాడే మరో మందు స్పైరోనోలాక్టోన్ హార్మోన్‌ను అడ్డుకుంటుంది, కానీ ఇక్కడ హార్మోనే లేదు కాబట్టి పనిచేయదు. జన్యువు తెలిస్తే మందు మారిపోతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

టర్కీలో నల్లసముద్రం దగ్గరి ఒక కుటుంబం గురించి 1973లో వైద్యులు రాశారు. బీపీ ఉన్నవాళ్లందరికీ చేతివేళ్లు పొట్టి. లేనివాళ్లకు వేళ్లు మామూలే. వైద్యం లేకపోతే 50 ఏళ్లలోపే పక్షవాతంతో పోయేవాళ్లు. ఆ జన్యువు ఏదో పట్టుకోవడానికి 2015 దాకా పట్టింది.

ఇంకో జబ్బులో, కార్టిజాల్ అనే హార్మోన్ కిడ్నీ మీద పెత్తనం చేయకుండా ఆపే ఎంజైమ్ పుట్టుకతోనే పనిచేయదు. మనకు తెలిసిన ఒక వస్తువు ఆ ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది: దగ్గుకు వాడే అతిమధురం. అదే పనిగా చాలా రోజులు తింటే మంచి జన్యువులున్న మనిషికి కూడా ఆ జబ్బు లక్షణాలే వస్తాయి, బీపీ పెరిగి పొటాషియం పడిపోతుంది. బీపీ ఉన్నవాళ్లు అతిమధురం చూర్ణం వాడుతుంటే డాక్టర్‌కు చెప్పాలి.

నాది అలాంటి అరుదైన రకమేమో అని ఎప్పుడు అనుమానించాలి?

30 ఏళ్లలోపే, పెద్దగా బరువు లేకుండా, బీపీ బాగా ఎక్కువగా ఉంటే. మూడు రకాల మందులు సరిగ్గా వేసుకుంటున్నా లొంగకపోతే. రక్తపరీక్షలో పొటాషియం తక్కువగా వస్తుంటే. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి చిన్న వయసులోనే మెదడులో రక్తస్రావం జరిగి ఉంటే. వీటిలో ఏది ఉన్నా కిడ్నీ డాక్టర్‌ను గానీ హార్మోన్ల డాక్టర్‌ను గానీ కలవాలి. వాళ్లు మొదట రాసేది జన్యు పరీక్ష కాదు, ఆల్డోస్టిరాన్, దాన్ని నడిపించే రెనిన్ ఎంత ఉన్నాయో చూసే రక్తపరీక్షలు. నిజానికి అక్కడ తేలే తేడాల్లో చాలావరకు వారసత్వంగా వచ్చినవి కావు, కిడ్నీ పైన ఉండే అడ్రినల్ గ్రంథిలో పుట్టిన చిన్న గడ్డల్లాంటివి.

మాది మేనరికం. పిల్లలకు బీపీ ముప్పు ఎక్కువా?

మామూలు బీపీ విషయంలో మేనరికం గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. అది వందల చిన్న తేడాల కలయిక. రెండు వైపులా అదే కుటుంబం కాబట్టి, ఆ కుటుంబంలో బీపీ ఎక్కువుంటే పిల్లలకు రెండు వైపుల నుంచీ అదే చరిత్ర వస్తుంది, అంతవరకే.

కానీ తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఒకే జన్యువు పాడైన కాపీ వస్తేనే బయటపడే జబ్బులకు మేనరికం దారి సులువు చేస్తుంది. పైన అతిమధురంతో పోల్చి చెప్పిన జబ్బు, అడ్రినల్ గ్రంథికి సంబంధించిన మరికొన్ని జబ్బులు ఆ కోవలోవే. ఇవి పసితనంలోనే కనిపిస్తాయి. కాబట్టి మేనరికం ఇళ్లలో పిల్లాడు ఎదగకపోవడం, బీపీ ఎక్కువ ఉండటం రెండూ కలిసి కనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

ఈ పరిశోధనలన్నీ తెల్లవాళ్ల మీదే కదా. మనకు వర్తిస్తాయా?

సరైన అనుమానమే. పది లక్షల మంది అన్నప్పుడు అందులో అత్యధికులు యూరప్ మూలాలున్నవాళ్లు. బీపీని నడిపించే యంత్రాంగం మనుషులందరిలో ఒకటే. కానీ ఏ తేడా ఎవరిలో ఎంత తరచుగా ఉంటుందన్నది మారుతుంది. అందుకే యూరప్ వాళ్ల లెక్కతో తయారుచేసిన ముప్పు అంచనాలు మన విషయంలో గురి తప్పుతాయి.

పశ్చిమ లండన్‌లో స్థిరపడిన దక్షిణాసియా వాళ్ల మీద లోలిపాప్ పేరుతో పెద్ద అధ్యయనం నడిచింది. తూర్పు ఆసియా, యూరప్ వాళ్లతో కలిపి 2015లో 12 కొత్త చోట్లు కనుగొన్న పరిశోధనలో ఆ సమాచారం ఉంది. మన దగ్గర హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ పాలుపంచుకున్న జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో సుమారు 10,000 మంది భారతీయుల పూర్తి జన్యుపటాలు తయారయ్యాయి.

ఇక్కడే ఒక గందరగోళం. "నూటికి నలుగురు భారతీయుల్లో గుండెను దెబ్బతీసే జన్యువు ఉంది" అని మీరు చదివే ఉంటారు. సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా ఉన్న బృందం 2009లో చెప్పిన నిజమే అది. కానీ అది గుండె కండరాన్ని బలహీనపరిచే తేడా. బీపీకి సంబంధించింది కాదు.

ఉమ్మి పంపిస్తే జన్యు రిపోర్ట్ ఇచ్చే కిట్లు వస్తున్నాయి. అమెరికాలో ఉన్న మా అబ్బాయి కొంటానంటున్నాడు. కొనొచ్చా?

సరదాకైతే కొనుక్కోనివ్వండి. బీపీ కోసమైతే నేను వద్దంటాను. ఆ రిపోర్ట్ "మీకు ముప్పు ఎక్కువ" అంటే చేయాల్సింది బీపీ చూపించుకోవడం. "తక్కువ" అన్నా చేయాల్సింది అదే. పైగా పైన చెప్పినట్టు ఆ అంచనా మన మూలాలకు గట్టిగా సరిపోదు. అదే డబ్బుతో చేతికి చుట్టే మంచి బీపీ మిషన్ వస్తుంది, ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది.

జన్యు పరీక్షకు అర్థం ఉండేది పైన చెప్పిన అరుదైన రకాల్లోనే, అది కూడా డాక్టర్ రాస్తేనే.

జన్యువుల్లోనే ఉంటే నడక, ఉప్పు తగ్గించడం ఎందుకు? దండగే కదా?

బ్రిటన్‌లో దాదాపు 2 లక్షల 77 వేల మందిని జన్యు ముప్పును బట్టి వేరుచేసి, వాళ్ల అలవాట్లతో పోల్చి 2018లో ఒక లెక్క తీశారు. మంచి అలవాట్లున్నవాళ్ల పై అంకె చెడు అలవాట్లున్నవాళ్ల కంటే సుమారు 4 పాయింట్లు తక్కువ. ముప్పు తక్కువున్న గుంపులోనూ ఎక్కువున్న గుంపులోనూ తేడా దాదాపు అంతే. కిందటి ప్రశ్నల్లోని చిల్లరతో పోల్చండి: చాలా జన్యు తేడాలు కలిస్తే వచ్చేంత మార్పు అది.

టెన్షన్ వల్లే బీపీ అంటారు?

టెన్షన్ పడినప్పుడు బీపీ పెరుగుతుంది, తర్వాత దిగుతుంది. ఎప్పుడూ పైనే ఉండిపోవడానికి అదొక్కటే కారణం కావడం అరుదు. "కోపం తగ్గించుకో, బీపీ పోతుంది" అని మందు మానిపించే బంధువులతో జాగ్రత్త.

జన్యువులను చూసి మందు రాసే రోజులు వచ్చాయా?

అరుదైన రకాల్లో వచ్చాయి. మామూలు బీపీలో ఇంకా లేదు. మందు ఒంట్లో ఎంత వేగంగా కరుగుతుందో నిర్ణయించే జన్యువులు మాత్రం తెలుసు. ఉదాహరణకు మెటోప్రొలాల్ కొందరిలో నెమ్మదిగా కరుగుతుంది, వాళ్లకు నాడి మరీ మందగించవచ్చు. డాక్టర్ మీ నాడి చూసి డోసు సర్దడం కూడా ఒక రకంగా ఆ పరీక్షే.

కొత్తగా జిలెబెసిరన్ అనే ఇంజెక్షన్ మీద పరీక్షలు నడుస్తున్నాయి. యాంజియోటెన్సినోజెన్ జన్యువు పంపే సందేశాన్ని కాలేయంలోనే తుంచేయడం దాని పని. ఒకసారి వేస్తే ఆరు నెలల దాకా ప్రభావం ఉంటుందని తొలి పరీక్షల్లో కనిపించింది. జన్యువును అది మార్చదు.

ఇంట్లో అందరికీ బీపీ ఉంది. పిల్లలకు ఎప్పటి నుంచి చూపించాలి?

అమెరికా పిల్లల వైద్యుల సంఘం మూడేళ్ల నుంచి ఏడాదికోసారి చూడమంటుంది. మన దగ్గర పిల్లలకు బీపీ చూడటం అంత అలవాటు లేదు, మీరే అడగాలి. పిల్లల చేతికి సరిపోయే చిన్న పట్టీ వాడారో లేదో గమనించండి. పెద్దవాళ్ల పట్టీ చుడితే అంకె తక్కువగా చూపిస్తుంది. ఇంటి చరిత్ర ఉన్న పెద్దపిల్లలు 18 దాటాక కనీసం ఏడాదికోసారి చూపించుకోవాలి. బీపీకి తలనొప్పి, కళ్లు తిరగడం లాంటి గుర్తులు వస్తాయిలే అని ఎదురుచూడొద్దు, చాలామందికి ఏ గుర్తూ ఉండదు.